కట్టయ్య ఉరికే ఇల్లు

నెల్లికుదురు చుట్టుపక్కల గొంగళ్లు నేసేవాళ్లకు కొదవ లేదు. కానీ గొంగడి జానెడు నేసేలోపు మాటలు బారెడు నేసేవాడు మాత్రం కురుమ కట్టయ్య ఒక్కడే. తన గొంగడి కప్పుకొని గోదావరిలో మునిగి లేచినా ఒంటికి తడి అంటదని చెప్పేవాడు. ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, ఎవరూ మునిగి చూసే పని పెట్టుకోలేదు. అది కట్టయ్య అదృష్టమో, వినేవాళ్ల అదృష్టమో నాకు తెలియదు.

అలాంటివాడి నోరు ఒక్కసారే పడిపోయింది, రజాకార్లు ఊరి మీద పడిన రోజున. నిజాం మీద తిరగబడ్డ దళం వాళ్లకు అంబలి పోశారని కురుమవాడ మొత్తానికి నిప్పంటించారు. గొర్రెలను తోలుకుపోయి కోసుకు తిన్నారు. కట్టయ్య, అతని భార్య భూదేవి జొన్నచేనులో బోర్లా పడుకొని తమ గడ్డి ఇల్లు కాలడం చూశారు. మగ్గం కాలింది, దూలం కాలింది, పెళ్లికి పెట్టిన పెట్టె కాలింది. ఆ తర్వాత చాలా రోజులు కట్టయ్య మాట్లాడలేదు. భూదేవి నవ్వలేదు. మిత్రుడు జైసింగ్ వాళ్ల తండాలో తలదాచుకున్నారు.

ఏడాది తిరిగేసరికి యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు చెట్టుకొకరు పుట్టకొకరుగా పోయారు. నిజాం రాజ్యం కూడా పోయింది. అంతమాత్రాన ఊళ్లకు నిద్ర పట్టిందనుకోకండి. అడవిలో దళాలు ఉండనే ఉన్నాయి, రోడ్డు మీద మిలిటరీ లారీలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరు ఏ వేళ వచ్చి ఏం అడుగుతారో తెలియని కాలం. అయినా జనం మొండివాళ్లు కదా! బూడిద ఎత్తిపోసి మళ్లీ గోడలు లేపడం మొదలుపెట్టారు. అందరూ కట్టుకుంటుంటే కట్టయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వెప్పుడు కడతవే కట్టన్నా?" అని జైసింగ్ అడిగాడు.

"ఉన్నకాడ్నే ఉంటదని ఎరుకయ్యే గదరా కాల్చిపోయిన్రు? నేను కట్టే ఇల్లు ఉన్నకాడ ఉండది. ఉరుకుతది. కాల్వాలంటె ముందుగాల ఉరికి పట్టుకోవాలె!"

మాట వచ్చింది. మాటతో పాటు పాత కట్టయ్య కూడా వచ్చాడు. జైసింగ్ దగ్గర పాత ఎడ్లబండి ఒకటి ఉంటే దాని మీద వెదురు బద్దలు వంచి గూడు కట్టారు. ఎండకూ చలికీ అడ్డం ఉండాలని ఆ గూటి మీద మెత్తటి కప్పు వెయ్యాలని కట్టయ్య ఆలోచన. లోపల గోనె పట్టా, పైన డేరా గుడ్డ, రెంటికీ నడుమ దూది. పరుపును వంచి బండికి తొడిగితే ఎట్లా ఉంటుందో అట్లా అన్నమాట. డేరా గుడ్డ మిలిటరీ క్యాంపులో వంట చేసే సిపాయి దగ్గర దొరికింది. చలికాలం కదా, అతనికి గొంగళ్లు కావాలి. అరువు మగ్గం మీద నేసిన గొంగళ్లన్నీ ఇచ్చి, చిరిగిన డేరా ఒకటి భుజాన వేసుకొచ్చాడు మనవాడు. వాన ఆపే గొంగడి ఇచ్చి వాన ఆపలేని గుడ్డ తెచ్చాడేమని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను. కట్టయ్యను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంతలో భూదేవికి నెలలు నిండాయి. పురిటికి పుట్టిల్లు కేసముద్రం వెళ్లింది, ఆడపిల్లను కన్నది. బిడ్డను చూడటానికి వెళ్లిన కట్టయ్య సంతోషంలో తన బండి ఇంటి ముచ్చట కూడా చెప్పేశాడు. అత్త బుచ్చమ్మ వింటూ వింటూ విస్తరాకు కుట్టడం ఆపింది. ఆమె నోటికి కేసముద్రంలో ధాన్యం బండ్లు తోలేవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవారు.

"బండి మీద కాపురమా? నా బిడ్డ ఏమన్న అంగడి సామానా, యాడికంటె ఆడికి మోసుకపోను?"

"అత్తా, నువ్వొకసారి చూస్తే..."

"చూస్త. బిడ్డకు ఐదో నెల వడ్డంక తీస్కరా. నేను లోపట కూసుంట. మీదికెళ్లి బిందెలకు బిందెలు నీళ్లు పోయిస్త. ఒక్క చుక్క నా మీద పడ్డదా, తల్లీ బిడ్డా ఈన్నే ఉంటరు. నువ్వు నీ బండి తోలుకొని పో."

కట్టయ్య భూదేవి వైపు చూశాడు. ఆమె బిడ్డకు పాలిస్తూ తల దించుకుంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. అదే కట్టయ్యకు ముల్లులా గుచ్చుకుంది. ఇల్లు కాలినప్పటి నుంచి ఆమె మాట తగ్గింది, నవ్వు లేనే లేదు. పుట్టింట్లో కనీసం కడుపునిండా నిద్రపోతోంది. అక్కడి నుంచి తీసుకెళ్లాలంటే తన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా! "మన దేవుడు బీరప్ప తోడు అత్తా, చుక్క గాదు, చెమ్మ గూడ తగలది" అని వచ్చేశాడు.

వచ్చాడే గానీ కప్పుకు వాన ఆగేదెట్లా? ఆ మాట జైసింగ్ అడిగితే కట్టయ్యకు నవ్వొచ్చింది. గొంగడి నేసే ఇంట్లో పుట్టినవాడిని అడగాల్సిన ప్రశ్నా అది? చింతగింజలు వేయించి, పొట్టు తీసి, తిరగలిలో విసిరి, చిక్కటి అంబలి కాచాడు. గొంగడికి పట్టించినట్టే కుంచెతో డేరా గుడ్డకు పట్టించాడు. ఒక పూత, ఎండబెట్టి ఇంకో పూత, దాని మీద మరో పూత. సూదితో దూది కదలకుండా కుట్టిన చోటల్లా మరింత మెత్తాడు. నాలుగు ఎండలు కాసేసరికి ఆ కప్పు డప్పులా బిగుసుకుంది. కట్టయ్య దాని మీద దరువేసి మరీ తండా అంతా వినిపించాడు.

"మా తాత తీరు ఇది. తరతరాలుగ గొర్లకాపరులు వానల నిలబడ్డరు గొంగడి కప్పుకొని. ఏమన్న అయ్యిందా?"

ఏమీ కాలేదు. నిజమే. తాత కూడా అబద్ధమాడలేదు. తప్పు ఎక్కడుందో ఇంకాసేపట్లో తెలుస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ఐదో నెలలో బండి కేసముద్రం చేరింది. బుచ్చమ్మ వాకిట్లో వాడకట్టంతా పోగయ్యారు. బుచ్చమ్మ కొంగు బిగించి, ఎవరి సాయమూ లేకుండా బండెక్కి, గూటి నడిమధ్యన బాసింపట్టు వేసుకొని కూర్చుంది. భూదేవి బిడ్డను చంకన వేసుకొని గుమ్మంలో నిలబడింది. జైసింగ్ నిచ్చెన వేసుకొని బిందె ఎత్తాడు.

"పొయ్యి జైసింగ్! బిందె ఏందిరా, చెరువే తెచ్చి పొయ్యి!"

మొదటి బిందె పోశాడు. లోపల చుక్క లేదు. రెండో బిందె పోశాడు. అప్పుడూ లేదు. కట్టయ్య చెయ్యెత్తి చిందు వేశాడు. "ఏమాయె అత్తా? తడిసినవా? ఇగ సద్ది కట్టు, మేం పోతం!" మూడో బిందె పోసేటప్పటికి లోపల నుంచి బుచ్చమ్మ గొంతు వినబడింది.

"అల్లుడా, ఇదేందో నా నెత్తి మీదికి దిగుతున్నదిరా."

కప్పు నిజంగానే దిగుతోంది. నీళ్లు కిందికి కారడం లేదు, అంతే. దూది తాగుతోంది. తాగి తాగి సూడిగొర్రె పొట్టలా ఉబ్బి బుచ్చమ్మ తలకు జానెడు ఎత్తున వేలాడుతోంది. "ముట్టకు అత్తా!" అని కట్టయ్య అరిచాడు. బుచ్చమ్మ ఒకరు వద్దంటే ఆగే మనిషా? వేలితో ఒక్క పోటు పొడిచింది.

గోనె పట్టా కుట్టు ఊడింది. నీళ్లు మాత్రమే అయితే బాగుండు. నానిపోయిన చింతగింజల అంబలి, నీళ్లు, దూది కలిసి ఒక్క పెట్టున ఆమె నెత్తిన దిగాయి. బుచ్చమ్మ బండి దిగి వస్తుంటే కళ్లు కనబడటం లేదు, ముక్కు కనబడటం లేదు, జిగటగా జారుతున్న దూది మాత్రం కనబడుతోంది. ఎద్దు ఒకటి మెడ చాచి ఆమె భుజాన్ని నాకింది. చింతగింజల అంబలి దానికి రుచిగా తగిలినట్టుంది.

జనం పక్కకు తప్పుకొని దారిచ్చారు. తర్వాత ఎవరో నవ్వారు. గుమ్మంలో భూదేవి. బిడ్డను గుండెకు హత్తుకొని, గోడకు ఆనుకొని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. ఇల్లు కాలినప్పటి నుంచి అది ఆమె మొదటి నవ్వు. కట్టయ్య ఆ నవ్వు కోసం ఎన్నాళ్లుగానో మొక్కుకుంటున్నాడు. తీరా వచ్చింది తన మీద. సంతోషించాలో సచ్చిపోవాలో తెలియక నెత్తిన తువ్వాల వేసుకొని ఎడ్ల పక్కన కూలబడ్డాడు.

జైసింగ్ తండాకు వెళ్లిపోయాడు. కట్టయ్య పోలేకపోయాడు. అత్తగారింట్లో రోజులకు రోజులు అల్లుడు తిష్ఠ వేస్తే ఊరు ఏమంటుందో మీకు చెప్పాలా? బుచ్చమ్మ తలంటుకుంటూ ఒక మాట, అన్నం వడ్డిస్తూ ఒక మాట. అతను పెరట్లో బండి ముందు కూర్చొని తడిసిన దూది పీకి ఎండబోస్తూ అన్నీ విన్నాడు. మరునాడు భూదేవి వచ్చి పక్కన కూర్చుంది. గుడ్డకు అంటిన అంబలి రెండు వేళ్లతో నలిపి చూసింది.

"గొంగడికి ఇదే పెడతం గద?" అన్నాడు కట్టయ్య దీనంగా.

"పెడతం. ఉన్ని బిగువుకు పెడతం. వాన ఆపేది అంబలి అనుకున్నవా?" భూదేవి చిన్నప్పటి నుంచి ఉన్ని వడికిన మనిషి. "వడికినంతసేపు నా చేతులు ఎట్లుంటయి? జిడ్డు. గొర్రె ఒంటి జిడ్డు. నీళ్లను ఆపేది గది. ఈ గుడ్డకు జిడ్డేది? పత్తి గుడ్డాయె."

కట్టయ్య గుడ్డను తనూ వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఇన్నేళ్లు గొంగళ్లు నేసి ఆ సంగతి తట్టనందుకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఎద్దును తిట్టాడు.

"అయితే ఆముదం రుద్దుదాం" అన్నాడు.

"ఆముదం ఆరదు. జన్మంత అంటుకుంటనే ఉంటది. అవిసె నూనె ఆరుతది. మా నాయిన బండి కట్టెకు గదే రుద్దెటోడు. అండ్ల తేనెమైనం, గుగ్గిలం కరిగించి వేడి మీద పట్టియ్యి."

జైసింగ్‌కు కబురు పోతే అడవి తేనెపట్టు మైనం, గుగ్గిలం మూట కట్టి పంపాడు. దూది ఎండింది. అంబలి కడిగి డేరా గుడ్డ ఆరేశారు. అన్నీ సిద్ధం. ఇక కట్టయ్య మొదలుపెట్టాలి. మొదలుపెట్టడే! ఒకనాడు గాలి ఎక్కువుందన్నాడు. ఒకనాడు మబ్బుందన్నాడు. ఒకనాడు మంగళవారమన్నాడు. ఓరి నీ అసాధ్యం కూల, పెళ్లాం బిడ్డ కళ్ల ముందు కూర్చొని చూస్తుంటే నీకు వారాలెందుకురా! బుచ్చమ్మ కూడా ఇదే అన్నది, ఇంకొంచెం ఘాటుగా అన్నది. చివరికి భూదేవే పొయ్యి రాజేసి నూనె కాచింది. అతను తప్పనిసరై గుడ్డ పీలికలు ముంచి రుద్దడం మొదలుపెట్టాడు.

రుద్దాడు, బాగానే రుద్దాడు. గుడ్డ తేనె రంగుకు తిరిగింది. మొదటి పూత అయ్యాక నూనె పీలికలన్నీ ముద్దగా చేసి బండి కింద పడేసి అన్నానికి వెళ్లాడు. ఎండ మండిపోతోంది. ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా పెరటి వైపు నుంచి పొగ వాసన వచ్చింది.

ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. పీలికల ముద్ద తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతోంది. కట్టయ్య ఎంగిలి చేత్తోనే ఉరికాడు. నీళ్లు పొయ్యాలని తట్టలేదు, కాలితో తన్నాలని తట్టలేదు. ఎడ్లు లాగే కాడిని తన భుజాన వేసుకొని ఒక్కడే బండిని లాగాడు. పెరడు దాటి, దడి విరగ్గొట్టి, పక్క చెలకలో సగం దాకా లాక్కుపోయాడు. ఉరికే ఇల్లు కడతానన్నాడు కదా, ఆ రోజు నిజంగానే ఉరికింది. భూదేవి పీలికల మీద కుండెడు నీళ్లు పోసి ఆర్పి, వెతుక్కుంటూ వెళ్లేసరికి అతను చక్రాన్ని రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు.

"నేను రుద్దనే" అన్నాడు. అది ఊళ్లో అందరూ ఎరిగిన కట్టయ్య గొంతు కాదు. "వానకు భయపడి నూనెల ముంచుతున్నం. దివిటీ చేస్తున్నమే భూదేవీ, ఇల్లు చేస్తలేం. అండ్ల బిడ్డ పండుకుంటదా? ఎవ్వడో ఒక్కడు, ఒక్క అగ్గిపుల్ల... నావల్ల గాదు. నాకు ఇంకా కండ్లు మూస్తె గదే కనబడతది."

భూదేవి అతని భుజం చూసింది. కాడి ఒరుసుకొని తోలు లేచింది. కొంగుతో అద్దింది.

"నాకూ కనబడతది" అన్నది. "ఇల్లు గడ్డిదని కాలిందా? మా అమ్మమ్మ పుట్టకముందు నుంచి గడ్డి ఇండ్లే ఉన్నయి. కాల్చెటోళ్లు వచ్చిన్రు, కాలింది. వాళ్లు రాతి ఇండ్లు గూడ ఇడువలె. వాళ్ల భయానికి నా బిడ్డను వానల తడుపుమంటవా?"

"మరి గీ పీలికలు ఎవ్వడు అంటువెట్టకుంటనే..."

"ముద్దజేసి పడేస్తె అంటుకున్నయి. విడివిడిగ దండెం మీద ఆరేస్తె అంటుకోవు. మా నాయిన గట్లనే చేసెటోడు, నీకు చెప్పుడు మర్సిన. పొయ్యి బండికి దూరంగ పెట్టుకుందం. దీపం లోపటికి తేవద్దు. మనం చేసే పనికి మనం జాగ్రత్త వడతం. పరాయోడి పాపానికి ఏం జాగ్రత్త వడతం? లే, ఎడ్లు నవ్వుతున్నయి."

లేచాడు. బండిని మళ్లీ పెరట్లోకి తోశాడు. ఈసారి ఇద్దరూ కలిసి చేశారు. పలుచటి పూత పూసి, ఎండకు పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పూశారు. గుడ్డ మీద సూది దిగిన ప్రతి బెజ్జంలోనూ మైనంలో ముంచిన ఉన్ని పోగు దూర్చి, వేలితో అదిమారు. ఉన్ని పోగుల ఆలోచన కట్టయ్యది. ఆ సంగతి అతనే రోజుకు పదిసార్లు చెప్పుకున్నాడు కాబట్టి నేనూ ఒకసారి చెబుతున్నాను. బిడ్డ పక్కన ఉయ్యాలలో కాళ్లాడిస్తుండేది. పీలికలు దండెం మీద పెళ్లివారి తోరణాల్లా ఆరేవి.

రెండో పరీక్ష రోజున బుచ్చమ్మ నెత్తి మీద చేట బోర్లించుకొని బండెక్కింది. వాడకట్టు మళ్లీ వచ్చింది, ఈసారి దూరంగా నిలబడింది. తండా నుంచి మళ్లీ వచ్చిన జైసింగ్ బిందె తరువాత బిందె పోశాడు. నీళ్లు కప్పు మీద గింజలు గింజలుగా దొర్లి జారిపోయాయి. బుచ్చమ్మ వేలితో పొడిచింది, అరచేత్తో తడిమింది, చేట తీసి తల ఎత్తి చూసింది. పొడిగా ఉంది. చాలాసేపు దిగి రాలేదు. ఏమైందోనని భూదేవి లోపలికి తొంగి చూస్తే తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నూనె వాసన కండ్లల్ల పోయింది" అన్నది బుచ్చమ్మ. మళ్లీ తనే, "కారుతదనుకున్న బిడ్డా" అన్నది. "కారితె బాగుండనుకున్న. నువ్వు ఈన్నే ఉందువు." భూదేవి ఎక్కి తల్లిని పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. బయట కట్టయ్య నోరు విప్పకుండా ఎడ్లకు గడ్డి వేశాడు. అతని జీవితంలో సమయానికి నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

మరునాడు పొద్దున్నే ప్రయాణమయ్యారు. బిందె, చాప, సద్దిమూట, వడికే కదురు, బిడ్డ. కేసముద్రం దాటి కొంత దూరం వచ్చారో లేదో ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వాన కుండపోతగా దిగింది. కట్టయ్య చెవి కప్పు వైపు పెట్టాడు. బిందె నీళ్లు వేరు, ఆకాశం వేరు. "కారుతున్నదా?" అని అరిచాడు. "లే" అన్నది లోపలి నుంచి భూదేవి. కాసేపాగి, "ఇప్పుడో?" "లే." ఇంకాసేపాగి, "మూల చూసినవా?" "నాలుగు మూలలు చూసిన. బిడ్డ పండుకున్నది, అరువకు."

అప్పుడుగానీ కట్టయ్యకు ఇంకో సంగతి తెలిసిరాలేదు. లోపల ఉండేవాళ్ల కోసం ఇంత చేసినవాడు బండి తోలేవాడు కూర్చునే నొగల మీద జానెడు గుడ్డ కూడా కప్పలేదు. తల నుంచి కాలి దాకా కారిపోతున్నాడు. కప్పుకుందామంటే గొంగడి కూడా లేదు, సిపాయి దగ్గర ఉంది.

"నువ్వు తడుస్తున్నవు. లోపటికి రా" అన్నది భూదేవి, తడిక పక్కకు జరిపి.

"ఎడ్లను ఎవ్వలు తోలాలె? పొద్దుగూకక ముందే ఇల్లు చేరొద్దా?"

"ఏ ఇల్లు?"

కట్టయ్య వెనక్కి తిరిగాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. తండా అనబోయాడు, అది జైసింగ్‌ది. ఊరు అనబోయాడు, అక్కడ ఉన్నది బూడిద. వాన ముఖం మీద కొడుతుంటే తడిక సందులో నుంచి భూదేవి ముఖం, ఆమె ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ, వాళ్ల మీద చుక్క పడని కప్పు కనబడ్డాయి.

"ఎడ్లనాపు" అన్నది ఆమె. "ఇంటికొచ్చినం."

కట్టయ్య పగ్గం లాగాడు. ఎడ్లను విప్పి చెట్టు కిందికి తోలి, లోపలికి ఎక్కబోయాడు. భూదేవి చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుగాల తల తుడుసుకో. ఇంట్ల తడి చేస్తవు."